తీగ కోసి రోగం కుదిర్చామంటే ఎలా?



ప్రబంధాలూ, ఛందస్సూ, వ్యాకరణమూ తప్ప వేరొకటి వ్రాయని ఈ విశ్రాంత తెలుగు పండితుడు లారీ బ్రేకుల మీద టపా వ్రాయడమేమిటని మీరు విస్తుపోవచ్చు. ఎగ్జాస్టు బ్రేకు అనే పరికరం ఒకటి ఉన్నదని నాకూ మొన్నమొన్నటి దాకా తెలియదు. అది పనిచేయని లారీలో ఒక సాయంకాలం నేను కూర్చొని ఉండడం వలన తెలుసుకోవలసి వచ్చింది. తెలుసుకొన్న తర్వాత ఊరకుండడం నా వల్ల కాలేదు.

జరిగినది ముందు చెబుతాను. అరకులో నాతో కలిసి పనిచేసిన ఒక ఉపాధ్యాయుని ఇంట గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యేసరికి పొద్దు వాలింది, బస్సు దాటిపోయింది. అదే సమయానికి నా మేనల్లుడు ఒడిశా వైపు నుంచి నీలగిరి దుంగల లోడుతో దిగుతున్నాడని తెలిసి, ఫోను చేసి అతని లారీ ఎక్కాను. అది పది చక్రాల బండి. ఆరేళ్ళ నాడు పాతబండిగా కొన్నాడు. అప్పు ఇంకా తీరలేదు. మా అక్కయ్యకు అతడొక్కడే కొడుకు.

అనంతగిరి దాటి మలుపులు దిగుతుండగా క్యాబినులోకి ఏదో కమురు వాసన వచ్చింది. ఎక్కడో అడవిలో చెత్త తగులబెడుతున్నారనుకొన్నాను. మేనల్లుని ముఖం చూస్తే మాత్రం అది అడవి వాసన కాదని అర్థమయింది. మరి రెండు మలుపులు తిరిగాక అతడు మెల్లగా అన్నాడు: "మావయ్యా, బ్రేకు తొక్కుతూనే ఉన్నాను, బండి ఆగటం లేదు. గట్టిగా పట్టుకోండి."

ఎడమ ప్రక్క లోయ కాక కొండ ఉండడం మా అదృష్టం. అతడు గేరు తీయలేదు, హారను మీద నుంచి చేయి తీయలేదు. లారీని కొండవైపు కాలువలోకి దింపి, మట్టిగట్టుకు ఒరిపించుకొంటూ కొంత దూరం ఈడ్చి, చివరకు ఒక కల్వర్టు గోడ దగ్గర ఆపాడు. ఎడమ వైపు రేకంతా చీరుకుపోయింది. మాకు చిన్న గాయమైనా కాలేదు. దిగి చూస్తే చక్రాల డ్రమ్ముల నుంచి పొగ లేస్తున్నది. దగ్గరకు చేయి పెట్టనివ్వని వేడి.

ఆ రాత్రి రోడ్డు ప్రక్కన కూర్చొని ఉండగా అతడు అసలు సంగతి చెప్పాడు. రెండు నెలల క్రితం బండి ఎత్తు ఎక్కలేక నల్లపొగ కక్కిందట. దారిలో ఏదో షెడ్డులో చూపిస్తే, ఎగ్జాస్టు బ్రేకు ఫ్లాపు సగం మూసుకొని బిగిసిపోయిందని తేల్చారట. గడ్డపలుగుతో దాన్ని తెరిచి, మీటను కట్టుతీగతో కట్టేసి, దానికి వచ్చే కరెంటు వైరును కోసి పడేశారట. "అరగంటలో అయిపోయింది మావయ్యా, బండి బాగానే లాగింది" అన్నాడు. బాగానే లాగింది, నిజమే. ఆగవలసిన చోట ఆగలేదు, అంతే తేడా.

ఆ "అరగంట మరమ్మతు" గురించే ఈ టపా. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకొన్న సామెత మనకున్నది. చెడిన పరికరాన్ని బాగుచేయక, అది చెడినట్లు తెలియకుండా చేయడాన్ని మరమ్మతు అని పిలవడం ఆ కోవలోనిదే. తీగ కోసినవాడు రోగాన్ని కుదర్చలేదు, రోగి నోరు కట్టాడు.

ఇంతకూ ఈ ఎగ్జాస్టు బ్రేకు చేసే పని ఏమిటి? నాకు అర్థమైనంత సులువుగా చెబుతాను. పెట్రోలు ఇంజనులో ఆక్సిలేటరు వదలగానే లోపలికి వెళ్ళే గాలికి తలుపు మూసుకొంటుంది. ఇంజను ఊపిరాడనట్లై బండిని వెనుకకు లాగుతుంది. డీజిలు ఇంజనుకు సాధారణంగా అటువంటి తలుపు ఉండదు. పీల్చిన గాలిని పిస్టను అణచినా, అణగిన ఆ గాలే తిరిగి పిస్టనును క్రిందికి తోస్తుంది. కనుక కాలు తీసినంత మాత్రాన బరువైన లారీ పెద్దగా నెమ్మదించదు. అందుచేత పొగగొట్టంలో ఒక గుండ్రని రేకు తలుపు అమరుస్తారు. డ్రైవరు మీట నొక్కగానే గాలి ట్యాంకు నుంచి వచ్చిన గాలి ఒక చిన్న సిలిండరులోని కడ్డీని తోస్తుంది. కడ్డీ ఆ తలుపును మూస్తుంది. డీజిలు సరఫరా కూడా ఆగుతుంది. పోయే దారి మూసుకుపోయిన గొట్టంలోకి గాలిని నెట్టలేక నెట్టలేక పిస్టన్లు మందగిస్తాయి. ఆ మందగింపు గేరుపెట్టె ద్వారా వెనుక చక్రాలకు చేరి బండిని పట్టి ఉంచుతుంది.

దీనిలో మూడు సూక్ష్మాలున్నాయి. మొదటిది, ఇది బండిని నిలబెట్టే బ్రేకు కాదు, వేగం పెరగకుండా పట్టి ఉంచే బ్రేకు. రెండవది, ఇంజను ఎంత జోరుగా తిరిగితే ఇది అంత గట్టిగా పట్టుతుంది. కనుక పల్లానికి ముందే తక్కువ గేరులోకి రావాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాటకు అర్థమిదే. మూడవది, క్లచ్చి తొక్కినా, న్యూట్రలు వేసినా ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. ఇక ఎగ్జాస్టు బ్రేకు ఉన్నా లేనట్లే. డీజిలు ఆదా అని పల్లంలో న్యూట్రలు వేసేవారు రెండు విధాల నష్టపోతున్నారు. గేరులో దిగే బండికి ఆక్సిలేటరు వదిలితే డీజిలు దాదాపు అందదు. న్యూట్రలులో మాత్రం ఇంజను ఆగిపోకుండా తిరగడానికి డీజిలు త్రాగుతూనే ఉంటుంది.

"కాలి బ్రేకు ఉన్నది కదా, అదనంగా ఇదెందుకు?" అని అడిగేవారున్నారు. వారికి ఒక చిన్న లెక్క. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. మొత్తం 25 టన్నుల బరువున్న లారీ అందులో 600 మీటర్ల ఎత్తు దిగిందనుకొందాం. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి అంతా వేడిగా మారితే, సుమారు 500 లీటర్ల నీటిని మామూలు ఎండవేడిమి నుంచి మరిగే దాకా తేగలదు. అందులో కొంత గాలి మ్రింగుతుంది, కొంత టైర్లు మ్రింగుతాయి, కొంత ఇంజను మ్రింగుతుంది. మిగిలినదంతా ఎక్కడికి పోవాలి? ఎగ్జాస్టు బ్రేకు ఉంటే అందులో మంచి భాగం ఇంజను ద్వారా, పొగగొట్టం ద్వారా బయటకు పోతుంది. లేకుంటే అదంతా పది చక్రాల డ్రమ్ములలోకే చేరుతుంది. డ్రమ్ము కాగి వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది. లైనింగుకు పట్టు తగ్గుతుంది. తొక్కిన కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ పట్టు లేకపోవడం. మా ముక్కుకు తగిలిన కమురు వాసన అదే.

ఇంకొక మాట. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం మూడిరుసుల లారీకి అనుమతించే మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. పై లెక్కలో 500 లీటర్లు 570 అవుతాయి. బరువు పెరిగింది కానీ కనుమ పొట్టిది కాలేదు. కనుక ఈ బ్రేకు అవసరం నానాటికీ పెరుగుతున్నదే తప్ప తగ్గడం లేదు.

కనుమదారి ఎంత క్రూరమైనదో మన తెలుగువారికి వేరే చెప్పనక్కర లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు దగ్గర బస్సు లోయలో పడి యాభైకి పైగా ప్రాణాలు పోయాయి. 2022 మార్చిలో భాకరాపేట కనుమలో పెళ్ళివారి బస్సు పడిపోయింది. ఆ ప్రమాదాలకు కారణం ఫలానా పరికరమని నేను అనడం లేదు, అది నిపుణులు చెప్పవలసిన మాట. కనుమలో పొరపాటుకు రెండవ అవకాశం ఉండదని గుర్తుచేయడానికే వాటిని తలచాను.

ఇంజనునే బ్రేకుగా వాడాలన్న ఆలోచనకు ప్రాణభయంతో సంబంధం ఉన్నదని చదివి ఆశ్చర్యపోయాను. డీజిలు ఇంజన్ల నిర్మాణంలో ప్రసిద్ధుడైన క్లెస్సీ కమిన్స్ 1931లో డీజిలు లారీ మీద అమెరికాను అడ్డంగా దాటుతూ కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టు తప్పాయట. క్రింద రైలు గేటు దగ్గర గూడ్సు బండి దాటుతున్నది. వెంట్రుకవాసిలో బ్రతికి బయటపడ్డాడు. ఆ భయం అతని మనసులో పాతికేళ్ళు నానింది. విశ్రాంతి తీసుకొన్న తర్వాత కూర్చొని మరొక రకం ఇంజను బ్రేకును కనిపెట్టాడు. అణచిన గాలిని పిస్టనును తిరిగి తోయనీయకుండా వాల్వు తెరిచి వదిలివేసే పద్ధతి అది. 1961లో జేకబ్స్ సంస్థ దానిని తయారుచేసి అమ్మకానికి తెచ్చింది. మన పొగగొట్టపు తలుపు వేరు, అది వేరు. రెండింటి లక్ష్యం ఒకటే: కాలి బ్రేకును అవసరమైన క్షణానికి చల్లగా ఉంచడం. ఒకడు చావు అంచున నేర్చుకొన్న పాఠాన్ని మనం కట్టుతీగతో కట్టేస్తున్నాం.

సరే, మరమ్మతు సంగతికి వస్తాను. మరునాడు క్రేనుతో లారీని బొడ్డవర దాటించి, నా పూర్వ విద్యార్థి ఒకడు నడుపుతున్న షెడ్డుకు చేర్చాం. తొమ్మిదవ తరగతిలో నా దగ్గర చదివినవాడే. రేకుపని మరొకరికి అప్పగించి, ఈ బ్రేకును తాను పట్టుకొన్నాడు. "మీరు ఇంటికెళ్ళండి మాస్టారూ, సాయంత్రానికి చేసిస్తాను" అన్నాడు. నేను వెళ్ళలేదు. స్టూలు వేయించుకొని కూర్చొన్నాను.

అతడు చేసిన మొదటి పని ఏ పనిముట్టూ పట్టుకోకపోవడం. బండి సమతలంగా ఉన్నదా చూశాడు, చక్రాలకు దిమ్మలు పెట్టించాడు, పొగగొట్టం చల్లారినదా చూశాడు. "గాలి వచ్చిందంటే ఆ మీట వేలు విరిచేస్తుంది మాస్టారూ" అని క్లీనరు కుర్రవాణ్ణి దూరంగా నిలబెట్టాడు. తర్వాత గొట్టపు అతుకుల వెంట టార్చి వేసి చూశాడు. ఎక్కడైనా నల్లని మసిచారలు కనిపిస్తే అక్కడ గాలి తప్పించుకొంటున్నదని గుర్తు. గొట్టంలో ఒత్తిడి నిలవకపోతే తలుపు మూసుకొన్నా పట్టు ఉండదు. ఒక ఫ్లాంజి దగ్గర చార కనిపించింది. సుద్దముక్కతో గుర్తు పెట్టాడు.

తర్వాత గడియారం ముల్లు చూసి గాలి ట్యాంకు నిండినదో లేదో చూశాడు. గాలి చాలకపోతే మిగిలిన పరీక్షలన్నీ అబద్ధం చెబుతాయి. ఫ్యూజు చూశాడు. కోసిన వైరును అతికాడు. అప్పుడు నేను ఊహించని పని చేశాడు. ఒక కొస నుంచి మొదలుపెట్టకుండా నేరుగా మధ్యకు, సోలినాయిడ్ దగ్గరకు వెళ్ళాడు. కరెంటు అందగానే గాలికి దారి విడిచే చిన్న వాల్వు అది. మీట నొక్కించి టెస్టు బల్బు పెట్టాడు. "ఇక్కడ బల్బు వెలిగితే స్విచ్చి వైపంతా బాగున్నట్లే. తప్పు గాలి వైపు ఉంటుంది. వెలగకపోతే కరెంటు వైపు వెతకాలి. సగం పని మిగులుతుంది మాస్టారూ."

నేను నివ్వెరపోయాను. ముప్పై నాలుగేళ్ళు నేను చెప్పిన పదచ్ఛేదం ఇదే కదా! పద్యం అర్థం కానప్పుడు ముందు సంధి ఎక్కడ విడుతుందో చూడాలి. అక్కడ చీలిస్తే అటు ఒక పదం, ఇటు ఒక పదం. ఆ పైన అన్వయం, ఆ పైన తాత్పర్యం. చీల్చవలసిన చోట చీల్చకుండా తాత్పర్యానికి ఎగబడితే పద్యం లొంగదు.

బల్బు వెలగలేదు. తీగ అతికినా కరెంటు రావడం లేదంటే తప్పు మరొకటి ఉన్నదన్నమాట. క్లచ్చి పెడలు దగ్గర ఒక స్విచ్చి ఉంటుంది. క్లచ్చి తొక్కితే ఈ బ్రేకు విడిపోవడానికి అది. ఆక్సిలేటరుకూ అటువంటిదే ఉంటుంది. క్లచ్చి స్విచ్చిని పట్టి ఉంచే రేకు వంగి ఉన్నది. కనుక క్లచ్చి ఎప్పుడూ తొక్కే ఉన్నట్లు అది భ్రమపడుతున్నది. రేకు సరిచేసి స్విచ్చి మార్చగానే బల్బు వెలిగింది, సోలినాయిడ్ "టిక్కు"మన్నది. ఎర్తు వైరు కొస కూడా తుప్పు పట్టి ఉంటే గీకి బిగించాడు.

ఇక గాలి వైపు. కట్టుతీగ విప్పి చూస్తే, ఫ్లాపు ఇరుసు మసితో, తుప్పుతో బిగిసిపోయి ఉన్నది. మీటను వెనుకకు లాగవలసిన స్ప్రింగు విరిగి వ్రేలాడుతున్నది. అదీ అసలు రోగం. బ్రేకు పట్టిన తర్వాత విడవలేదు, ఇంజనుకు ఊపిరాడలేదు, నల్లపొగ వచ్చింది. గొట్టం విప్పి, తుప్పు వదిలే నూనె పోసి, నానబెట్టి, చేత్తో అటూ ఇటూ ఆడించి, మసి గీకి, వేలితో త్రోస్తే తిరిగేటట్లు చేశాడు. గ్రీజు పూయబోయిన కుర్రవాణ్ణి వారించాడు. మామూలు గ్రీజు ఆ వేడికి మాడి బొగ్గై, మళ్ళీ బిగుసుకొంటుందట. అధిక వేడికి తట్టుకొనే పూత వేరే ఉన్నది. సిలిండరులోకి గాలి పంపి, కడ్డీ పూర్తిగా వస్తున్నదో లేదో, వాచరు దగ్గర గాలి కారుతున్నదో లేదో చూశాడు. గాలి తీయగానే సోలినాయిడ్ రంధ్రం గుండా అది బయటకు పోతున్నదా అనీ చూశాడు. ఆ రంధ్రం మట్టితో పూడిపోయినా బ్రేకు విడవదట.

ఫ్లాపుకు ఒక చిన్న కన్నం ఉన్నది. పట్టు పెరుగుతుందని కొందరు దానిని వెల్డింగు చేసి మూస్తారట. అది పెద్ద పొరపాటు. గొట్టంలో ఒత్తిడి మితిమీరితే ఇంజను వాల్వులు స్ప్రింగులను ఎదిరించి తెరుచుకొని దెబ్బతింటాయి. ఆ కన్నం లోపం కాదు, హద్దు. ఛందస్సులో యతి వంటిది, దానికి కారణం ఉన్నది.

చివరకు ఫ్లాంజికి క్రొత్త ప్యాకింగు వేసి బిగించి, కడ్డీ పొడవు సరిచూసి, ఖాళీ రోడ్డు మీద గేరులో నడిపి మీట నొక్కించాడు. ఇంజను శబ్దం గంభీరంగా మారింది. ఎవరో వెనుక నుంచి నడుము పట్టుకొన్నట్లు బండి నెమ్మదించింది. మీట వదలగానే తేలికై ముందుకు సాగింది. పట్టడమే కాదు, విడవడం కూడా పరీక్షలో భాగమే అన్నాడు. డ్రమ్ములు, లైనింగులు కూడా విప్పించి, కాలిపోయినవాటిని మార్పించిన తర్వాతనే లోడు ఎక్కించనిచ్చాడు.

ఎగ్జాస్టు బ్రేకుకు అయిన ఖర్చు ఎంతనుకొన్నారు? స్ప్రింగు, స్విచ్చి, ప్యాకింగు, కూలి అన్నీ కలిపి ఒక క్రొత్త టైరు ధరలో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. పట్టిన కాలం ఒక పగలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి మాత్రం క్రేను ఖర్చు, రేకుపని, లైనింగులు, నాలుగు రోజుల కిరాయి పోయాయి. మా అక్కయ్య కార్చిన కన్నీటికి వెల కట్టలేను.

"పంతులుగారూ, మీకేం, పింఛను తీసుకొంటూ నీతులు చెబుతారు. బండి ఒక రోజు నిలిస్తే కంతు ఎవరు కడతారు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. తీగ కోయించుకొన్న డ్రైవరును నేను దోషిగా నిలబెట్టడం లేదు. సరుకు ఫలానా వేళకు చేరాలని ఒత్తిడి పెట్టే వర్తకుడు, ఆగిన రోజుకు కిరాయి ఇవ్వని దళారి, మొత్తం బండిని పైపైన చూసి పత్రం మీద ముద్ర వేసే తనిఖీ, అందరూ ఆ కట్టుతీగకు తలా ఒక మెలి వేసినవారే. నా కోరిక చిన్నది. కనుమలలో తిరిగే బండికి ఫిట్‌నెస్ పరీక్ష చేసేటప్పుడు ఈ మీటను ఒకసారి నొక్కి, బండిని నడిపి చూడండి. అది పట్టుతున్నదా, విడుతున్నదా? పట్టుమని పది నిమిషాల పని.

"క్రొత్త బళ్ళలో ఇవన్నీ కంప్యూటరే చూసుకొంటుంది" అనేవారూ ఉన్నారు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బి.ఎస్.6 బళ్ళే అమ్ముతున్న మాట నిజం. వాటిలో ఫ్లాపును శాసించేది కంప్యూటరే. దాని వైర్లకు టెస్టు బల్బు తగిలించడం కూడదు, మల్టీమీటరు వాడాలి, తప్పుల చిట్టా చదివే యంత్రం తగిలించాలి. అయినా మసి మసే, తుప్పు తుప్పే. కంప్యూటరు తప్పును చెప్పగలదు గాని ఇరుసును గీకలేదు. పైగా పాతబళ్ళు మన రోడ్ల మీద ఇంకా ఎన్నో ఏళ్ళు తిరుగుతాయి. వాటిని నడిపేవారి ప్రాణాలు పాతవి కావు.

ఇప్పుడు నా సొంత తప్పు ఒప్పుకోవాలి. ఆ షెడ్డు యజమానికి తొమ్మిదవ తరగతిలో పదచ్ఛేదం రాలేదు. రానందుకు నేనేం చేశాను? తాత్పర్యాలు బట్టీ పట్టించి గట్టెక్కించాను. పరీక్ష ముంచుకొస్తున్నది, తరగతిలో అరవై మంది, పై నుంచి ఉత్తీర్ణతా శాతం ఒత్తిడి. మార్కులు వచ్చాయి, బండి బాగానే లాగింది. లోపం ఎక్కడున్నదో వెతకకుండా, లోపం కనబడకుండా చేశాను. తీగ కోసిన ఆ అజ్ఞాత మేస్త్రీకీ నాకూ తేడా ఏమిటని స్టూలు మీద కూర్చొని చాలాసేపు ఆలోచించాను. ఆ పిల్లవాడు నా దగ్గర నేర్వలేని విద్యను తన చేతులతో, తన యంత్రాల మధ్య తానే నేర్చుకొన్నాడు. నా పేరు దానిలో లేదు. ఈ మాట అతనితో అంటే నవ్వి, "టీ త్రాగండి మాస్టారూ" అన్నాడు.

మరొక సంగతి నన్ను బాధించింది. షెడ్డులో ఒక పాత సర్వీసు పుస్తకం ఉన్నది. అంతా ఇంగ్లీషు. అతడు బొమ్మలు చూసి పని కానిస్తాడు, అక్షరాలు చదవడు. కుర్రవాళ్ళు అతని చేతులు చూసి నేర్చుకొంటారు. అతడు చెప్పనిది వారికి ఎప్పటికీ తెలియదు. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తిగారు జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. సభలలో శాలువాలు కప్పుకొంటున్నాం. లారీ బాగుచేసేవాని చేతికి మాత్రం ఒక్క తెలుగు కాగితం ఇవ్వలేదు.

ఇక్కడే మిమ్మల్ని తలచుకొన్నాను. తెరమీద తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించిన రోజులు మీకు గుర్తున్నాయి కదా! ఫాంటు ఎక్కడ దించుకోవాలి, ఏ గడిలో టిక్కు పెట్టాలి, ఒత్తులు విడిపోతే ఏం చేయాలి అని ఒకరికొకరం అంచెలంచెలుగా, బొమ్మలు పెట్టి మరీ చెప్పుకొన్నాం. ముఖం తెలియనివారికి అర్ధరాత్రి ఓపికగా బదులిచ్చినవారు మీలోనే ఉన్నారు. అదీ మరమ్మతు విద్యే. "తెలుగు కనబడకపోతే ఇంగ్లీషులో చదువుకో" అని తీగ కోసి ఉంటే మనం ఈనాడు ఇలా కలుసుకొనేవారమే కాదు.

ఆ ఓపికలో కొంత ఈ షెడ్ల వైపు మళ్ళిద్దాం. మీలో ఇంజనీర్లున్నారు, యంత్రవిద్య తెలిసినవారున్నారు, బొమ్మలు వేయగలవారున్నారు. ఒక్క బ్రేకు మీద నాలుగు పుటల తెలుగు కాగితం తయారుచేయగలమా? సంస్కృత సమాసాలతో కాదు. నిరోధక యంత్రం అని వ్రాస్తే మా వాడు నవ్వుతాడు. సోలినాయిడ్‌ను సోలినాయిడ్ అనే, పానాను పానా అనే వ్రాద్దాం. బండి పట్టకపోతే ముందు ఏది చూడాలి, విడవకపోతే ఏది చూడాలి, ఏది ఎన్నడూ చేయకూడదు, ఈ మూడూ చాలు. అచ్చు ఖర్చు నా పింఛనులో నుంచి పెట్టుకొంటాను. కనుమ క్రింద ఉన్న షెడ్లకు నేనే తిరిగి పంచుతాను. నా విద్యార్థి తప్పులు దిద్దుతానన్నాడు. ఈసారి దిద్దించుకొనే వంతు నాది.

ఎవరైనా ముందుకు వస్తే ఈ టపా క్రింద ఒక మాట వ్రాయగలరు. నేను చెప్పిన యంత్రవిషయాలలో పొరపాట్లుంటే మొగమాటం లేకుండా చూపండి, సరిదిద్దుకొంటాను. ఇంతలో మీకు తెలిసిన లారీ డ్రైవరు ఎవరైనా కనబడితే ఒక్క ప్రశ్న అడగండి: "అబ్బాయీ, నీ బండికి ఎగ్జాస్టు బ్రేకు పనిచేస్తున్నదా, తీగ కోసి ఉన్నదా?"

మేనల్లుడు నిన్న మళ్ళీ కనుమ దిగాడు. క్రిందికి చేరగానే ఫోను చేశాడు. "మావయ్యా, కాలి బ్రేకు మీద కాలు పెద్దగా వేయనే లేదు" అన్నాడు. మా అక్కయ్యకు ఆ మాట చెప్పి నిద్రపోయాను.

స్వస్తి.